గుర్రాన్ని లాయంలో ఉంచాలా, బయట వదలాలా? గిట్టల సంగతి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. నల్గొండ జిల్లా హాలియా దగ్గర మీ పొలంలో రెండు గుర్రాలున్నాయి. ఒకటి హైదరాబాద్ రేసుల్లో పరుగెత్తి విశ్రాంతికి వచ్చిన థరోబ్రెడ్ మగ గుర్రం. దానికి ముందు కాళ్లకు లాడాలున్నాయి, గిట్ట అంచులు పగులుతున్నాయి. రెండోది కాఠియావాడీ జాతి ఆడ గుర్రం. దానికి లాడాలు లేవు, కానీ వెనక గిట్టల అడుగున నల్లగా మెత్తబడి చెడు వాసన వస్తోంది. రెండూ రోజంతా లాయంలోనే ఉంటాయి, సాయంత్రం అరగంట తిప్పుతారు. బయట వదిలితే బాగవుతుందని ఒకరు చెప్పారు. రాళ్లకూ బురదకూ గిట్టలు ఇంకా చెడిపోతాయని, కట్టేసి ఉంచడమే మేలని గుర్రాలను చూసుకునే మీ సాయిసు అంటున్నాడు. ఎవరి మాట వినాలని అడిగారు.

బయట వదలండి. రోజుకు కనీసం ఏడెనిమిది గంటలు, వీలైతే రాత్రంతా. అయితే మీ సాయిసు భయం కూడా ఉత్తిది కాదు. మీది సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు. అక్కడ నల్లరేగడిలో, వరి మడి పక్కన వదిలితే ఆడ గుర్రం గిట్టలు ఇంకా కుళ్లుతాయి. వదలాల్సింది నీరు నిలవని, మొరం పోసిన గట్టి నేల మీద. గుర్రం లోపల ఉందా బయట ఉందా అన్నదానికంటే రెండు విషయాలు ముఖ్యం. దాని కాళ్లు రోజులో ఎన్ని గంటలు పొడిగా ఉంటున్నాయి? అది ఎంత నడుస్తోంది? ఈ రెండూ సరిగా ఉంటే లాయంలోనూ గిట్టలు బాగుంటాయి. ఈ రెండూ తప్పితే ఎంత పెద్ద పచ్చిక ఉన్నా లాభం లేదు.

నేను జడ్చర్ల, వనపర్తి, దేవరకొండ వైపు చాలా ఏళ్లుగా గిట్టలు చెక్కడం, లాడాలు కొట్టడం పనిగా చేస్తున్నాను. ఫామ్‌హౌస్ గుర్రాలు, పెళ్లి ఊరేగింపుల గుర్రాలు, రేసుల నుంచి వచ్చినవి, అన్నీ చేతికి వస్తాయి. ఆ అనుభవంతోనే ఇదంతా రాస్తున్నాను.

ముందు నడక సంగతి. గిట్ట అడుగున వెనక భాగంలో ముక్కోణం ఆకారంలో మెత్తగా, రబ్బరులా ఉండే భాగాన్ని ఫ్రాగ్ అంటారు. గుర్రం కాలు మోపినప్పుడు మడమలు కాస్త విచ్చుకుంటాయి, ఫ్రాగ్ మీద, దాని పైనున్న మెత్తటి దిండు మీద బరువు పడుతుంది. కాలు ఎత్తినప్పుడు మళ్లీ దగ్గరవుతాయి. ఈ కదలికతోనే గిట్ట లోపలి రక్తం బావి మీది చేతిపంపు కొట్టినట్టు పైకి వెళ్తుంది. గుర్రం నిలబడే ఉంటే ఈ పని మందగిస్తుంది. నెలల తరబడి అలాగే ఉంటే మడమలు ముడుచుకుంటాయి, ఫ్రాగ్ సన్నబడి లోపలికి పోతుంది, రెండు మడమల మధ్య లోతైన చీలిక పడుతుంది. ఆ చీలికే కుళ్లు రోగానికి ఇల్లు. సాయంత్రం అరగంట తిప్పడం మంచిదే, కానీ మిగిలిన ఇరవై మూడున్నర గంటల నిలబాటుకు అది బదులు కాదు. ఆస్ట్రేలియాలో అడవి గుర్రాలకు జీపీఎస్ కట్టి చూస్తే అవి రోజుకు సగటున పదిహేను కిలోమీటర్లకు పైగానే నడుస్తున్నాయని తేలింది. మన దగ్గర అంత నడిపించలేం. కానీ వదిలిన గుర్రం మేస్తూ, తోటి గుర్రం వెంట పడుతూ తనంతట తానే ఎంతో కొంత దూరం తిరుగుతుంది.

ఇక లాయం. పెద్ద గుర్రం రోజుకు 15 నుంచి 20 కిలోల లద్దె వేస్తుంది, లీటర్ల కొద్దీ మూత్రం పోస్తుంది. మీ లాయంలో రెండు గుర్రాలు. అదంతా ఎక్కడికి పోతోంది అన్నదే నా మొదటి ప్రశ్న. మూత్రం నుంచి పుట్టే అమ్మోనియా గిట్ట పదార్థాన్ని మెత్తబరుస్తుంది. మెత్తబడిన చోట, గాలి తగలని పగుళ్లలో, గాలి లేకుండా బతికే బ్యాక్టీరియా చేరుతుంది. మీరు చెప్పిన నల్లటి మెత్తదనం, చెడు వాసన ఆ రోగానివే. పశువైద్యులు దాన్ని థ్రష్ అంటారు. వెనక కాళ్లకే ఎందుకు వచ్చిందని అడిగారు. ఆడ గుర్రం మూత్రం వెనక కాళ్ల దగ్గరే పడుతుంది. అది రోజూ నిలబడే మూల ఒకటి ఉంటుంది చూడండి, అక్కడ కింద పరిచిన గడ్డి పడక ఎత్తి నేల తడిమి చూడండి.

మీ లాయంలో అడుగున షాబాదు బండలు పరిచారని రాశారు. మన వైపు చాలా ఫామ్‌హౌసుల్లో అదే చేస్తారు, కడగడానికి సులువని. ఇబ్బంది ఏమిటంటే బండ తడి పీల్చదు, తడిసినప్పుడు జారుతుంది. పైన వరిగడ్డి మందంగా పరిస్తే చూడటానికి పొడిగానే ఉంటుంది, అడుగున మూత్రం నిలిచి ఉంటుంది. షాద్‌నగర్ వైపు ఒక తోటలో నేను ఇదే చూశాను. ఎత్తైన పైకప్పు, ఫ్యాన్లు, చూడముచ్చటైన లాయం. ప్రతి గుర్రం గిట్టలోనూ కుళ్లు. పైపైన లద్దె ఏరి, కొత్త గడ్డి వేస్తున్నారు తప్ప అడుగు ఎవరూ ఎత్తడం లేదు. నేను పడకను మోకాళ్ల మీద కూర్చుని తీస్తుంటే కళ్లు మండి నీళ్లు కారాయి. గుర్రం ఆ గాలినే పీలుస్తూ, రాత్రి దాని మీదే పడుకుంటోంది. నేలకు మీ ముఖం దగ్గర పెట్టి వాసన చూడండి. మీకు ఘాటు తగిలితే గిట్టలకు కూడా తగులుతున్నట్టే.

దీనికి చేయాల్సిందేమిటంటే, వెనక గోడ నుంచి కాలువ వైపు అడుగుకు పావు అంగుళం చొప్పున వాలు ఉండాలి. వాలు లేకపోతే బండలు తీయించి, కంకర మీద మొరం దిమ్మిసా చేయించడమే మంచిది. అంత ఖర్చు ఇప్పుడు వద్దనుకుంటే రబ్బరు చాపలు వేసి, వాటిని వారానికోసారి ఎత్తి కింద కడిగి ఎండబెట్టండి. ఎత్తకపోతే చాప కింద కూడా అదే కథ. ఒక్కో గుర్రానికి పన్నెండు అడుగులకు పన్నెండు అడుగుల గది ఉండాలి. ఇరుకు గదిలో గుర్రం తన లద్దెను తనే తొక్కుతూ ఉంటుంది.

పడక విషయంలో మీరు అదృష్టవంతులు. మిర్యాలగూడ మిల్లులు మీకు దగ్గర, వరి ఊక చవకగా దొరుకుతుంది. ఊక వరిగడ్డిలా ముద్ద కట్టదు, తడిసిన చోటు వెంటనే కనిపిస్తుంది, అక్కడిది మాత్రం తీసి పారేయవచ్చు. గడ్డి పడకైతే గుర్రం దాన్నే తింటుంది కూడా. ఊకలో దుమ్ము ఉంటుంది కాబట్టి పరిచే ముందు కొద్దిగా నీళ్లు చిలకరించి ఆరనివ్వండి. తవుడు కలిసిన ఊక మాత్రం వద్దు, గుర్రం దాన్ని ఏరుకుని తింటుంది. రంపపు పొట్టు దొరికితే అదీ మంచిదే. మహబూబ్‌నగర్ వైపు కొందరు వేరుశనగ పొట్టు వేస్తారు. బూజు పట్టిన పొట్టు గుర్రం కడుపులోకి పోతే ప్రమాదం, అందుకే దాన్ని నేను ఎవరికీ చెప్పను. రోజుకు రెండుసార్లు లద్దె, తడి తీయాలి. వారానికోసారి మొత్తం ఖాళీ చేసి, నేల ఆరబెట్టి, చల్లారిన సున్నం పలచగా చల్లి, దాని మీద కొత్త పడక వేయాలి. నేరుగా గిట్టకు సున్నం తగలకూడదు.

ఇప్పుడు బయట నేల సంగతి. నిజానికి ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే.

బయట అనగానే చాలామంది పచ్చగడ్డి మైదానం ఊహించుకుంటారు. గిట్టకు కావాల్సింది అది కాదు. దేవరకొండ, అచ్చంపేట వైపు ఉన్న ఎర్ర చల్క నేలలు, గరుకు మొరం, అక్కడక్కడ చిన్న గులకరాళ్లు, ఇవే గిట్టకు బలం. అలాంటి నేల మీద పుట్టి పెరిగిన నాటు గుర్రాల గిట్టలు చెక్కడానికి నా కత్తి రోజుకు రెండుసార్లు సాన పెట్టాల్సి వస్తుంది. నల్లరేగడి దీనికి పూర్తిగా భిన్నం. ఎండలో అది బీటలు వారి, ఆ బీటల్లో కాలు పడితే గిట్ట అంచు చిట్లుతుంది. వానలో అది గిట్టకు అతుక్కుని, అడుగు భాగాన్ని మూసేసి, గాలి ఆడనివ్వదు.

కాబట్టి మీ పొలంలో కాస్త ఎత్తుగా ఉన్న చోట అర ఎకరమో, పావు ఎకరమో వేరు చేసుకోండి. పైన ఒక అడుగు మందాన మొరం పోయించి చదును చేయించండి. చుట్టూ నీరు పోయే కాలువ తీయించండి. గేటు దగ్గర, నీళ్ల తొట్టి చుట్టూ మొరం ఇంకా మందంగా ఉండాలి. గుర్రాలు ఎక్కువసేపు నిలబడేది అక్కడే, బురద మొదలయ్యేదీ అక్కడే. కాలువ నీళ్లు వదిలిన నెలల్లోనూ, జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానల్లోనూ రెండు గుర్రాలూ ఈ ఆవరణలోనే ఉండాలి. మిగతా పొలంలోకి నేల ఆరాక మాత్రమే. మేతను ఒకే చోట వేయకుండా ఆవరణలో మూడు నాలుగు చోట్ల జొన్న చొప్ప, ఎండుగడ్డి పెట్టండి. ఒక మూల నుంచి ఇంకో మూలకు నడుస్తూ తింటాయి. నీళ్లు మేతకు దూరంగా ఉంచండి. ఈ చిన్న మార్పుతో నడక బాగా పెరుగుతుంది.

వదిలే ముందు ఆ చోటంతా మీరు కాలినడకన ఒకసారి తిరగండి. సర్కారు తుమ్మ ముళ్లు, పగిలిన సీసాలు, ఇనుప తీగ ముక్కలు, క్వారీ నుంచి వచ్చిన పదునైన గ్రానైట్ ముక్కలు, అన్నీ ఏరించండి. సర్కారు తుమ్మ ముల్లు గిట్ట అడుగులోకి దిగి విరిగిందంటే పైకి ఏమీ కనిపించదు, కొన్ని రోజులకు లోపల చీము పట్టి గుర్రం కాలు మోపలేదు. ధనుర్వాతం టీకా వేయించారా? లేకపోతే వదలడానికి ముందే వేయించండి. పశువుల్లో ఆ జబ్బుకు గుర్రమంత సులువుగా లోనయ్యేది లేదు, వచ్చాక బతికించడం చాలా కష్టం.

ఇంకో సంగతి. చెట్టు కింద కట్టేయడాన్ని బయట వదలడం అనుకోకండి. ఊరేగింపుల గుర్రాల్లో నేను చూసే ఘోరం ఇదే. ముందు పగ్గం, వెనక కాళ్లకు తాళ్లు, పెళ్లిళ్లు లేని నెలల్లో రోజంతా ఒకే చోట. పైన ఆకాశం ఉంది, చుట్టూ గాలి ఉంది, కానీ కాళ్ల కింద మూడడుగుల నేల, అదీ దాని మూత్రంతో తడిసి ముద్దైన నేల. జడ్చర్ల దగ్గర అలాంటి తెల్ల ఆడ గుర్రం గిట్ట ఎత్తితే మడమల మధ్య చీలికలో, గిట్టలోని మట్టి తీసే నా కొక్కెం మొన పూర్తిగా దిగిపోయింది, గుర్రం నొప్పితో కాలు లాక్కుంది. ఆరోగ్యమైన గిట్టలో అక్కడ బొటనవేలు ఆనించేంత పల్లం మాత్రమే ఉండాలి. ఆ యజమాని మంచి మనిషి, పేదవాడు, గుర్రాన్ని ప్రాణంగా చూసుకుంటాడు. ఊరి బయట ఖాళీ స్థలంలో నాలుగు కర్రలు పాతి, తాడు చుట్టి, అందులో వదలమని చెప్పాను. పొడి నేల, కదలిక, రోజూ శుభ్రం చేయడం. కొత్త ఫ్రాగ్ రావడానికి నెలలు పట్టింది కానీ వచ్చింది.

మీ ఆడ గుర్రానికి ఇప్పుడు చేయాల్సింది కూడా అంతే. రోజుకు రెండుసార్లు గిట్ట ఎత్తి, మడమ నుంచి ముందుకు కొక్కెంతో మట్టి తీసి, గట్టి కుంచెతో తోమి, పొడి గుడ్డతో తుడవండి. చీలికలోకి దూది వత్తి దూర్చి లోపలి తడి పీల్చేయండి. తర్వాత పోవిడోన్ అయోడిన్ గానీ, లీటరు నీటికి 50 గ్రాముల మైలుతుత్తం కలిపిన ద్రావణం గానీ దూదితో అద్దండి. ఎర్రగా పచ్చి కండ కనిపిస్తుంటే మైలుతుత్తం వద్దు, అది కాలుస్తుంది. మిగిలిన ద్రావణాన్ని పొలంలో పారబోయకండి, మందలు తిరిగే చోట అసలే వద్దు. మైలుతుత్తంలో రాగి ఉంటుంది, గొర్రెలకు రాగి విషం త్వరగా ఎక్కుతుంది. వదులుగా వేలాడే కుళ్లిన పొరలను మాత్రం గిట్టల పని తెలిసినవారితో తీయించండి, మీరే కత్తి పెట్టకండి. కింద పడక తడిగా ఉంచి పైన ఎన్ని మందులు రాసినా వారంలో మళ్లీ మొదటికే వస్తుంది.

రేసు గుర్రం గిట్ట అంచుల పగుళ్లు వేరే సమస్య. థరోబ్రెడ్‌లకు చాలావాటికి అరికాలు పలచన, మడమలు తక్కువ ఎత్తు. రేసుల్లో ఉన్నన్నాళ్లూ అవి రోజులో ఎక్కువ సమయం గదిలోనే గడిపి, మెత్తటి ట్రాకు మీద పరుగెత్తి వస్తాయి. దాన్ని ఒక్కసారిగా మొరం మీద వదిలితే నొప్పితో కుంటుతుంది, పైగా ఉత్సాహం పట్టలేక పరుగెత్తి నరాలు బెణికించుకుంటుంది. మొదటి వారం చేతిలో పగ్గంతో గట్టి నేల మీద నడిపించండి, ఉదయం అరగంట, సాయంత్రం అరగంట. రెండో వారం గంటసేపు చిన్న ఆవరణలో. అలా నెల రోజుల్లో రాత్రంతా వదిలే దశకు రండి. దానికి విత్తులు తీయించారో లేదో మీరు రాయలేదు. తీయించకపోతే రెండింటినీ ఒకే ఆవరణలో వదలవద్దు. గట్టి కంచె మధ్యలో ఉండి, ఒకదాన్ని ఒకటి చూసుకునేలా ఉంటే చాలు.

పగుళ్లకు మీరు రోజూ గిట్టల మీద నీళ్లు పోసి, తర్వాత నూనె రాస్తున్నామన్నారు. నీళ్లు పోయడం ఆపేయండి. గిట్ట గోడకు, అంటే పైకి కనిపించే గట్టి భాగానికి, తేమ ప్రధానంగా లోపలి నుంచే అందుతుంది. పైన పొద్దున నానబెట్టి, మధ్యాహ్నం నల్గొండ ఎండలో ఎండబెట్టి, సాయంత్రం మళ్లీ నానబెడితే గోడ ఉబ్బుతూ ముడుచుకుంటూ మేకుల చుట్టూ చిట్లుతుంది. ఎప్పుడూ పొడిగా ఉండే గిట్టకంటే ఇలా తడుస్తూ ఆరుతూ ఉండే గిట్టే త్వరగా పాడవుతుంది. గుర్రానికి స్నానం చేయించినా మోకాళ్ల కింద తుడిచి ఆరబెట్టాకే లోపలికి తీసుకెళ్లండి. నూనె కొద్దిగా రాసినా పెద్ద నష్టం లేదు, పెద్ద లాభమూ లేదు. వాడేసిన ఇంజిన్ ఆయిల్ మాత్రం ఎవరు చెప్పినా రాయకండి.

గిట్ట నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. ముందు భాగం పై అంచు నుంచి కింది దాకా పూర్తిగా కొత్తది రావాలంటే 9 నుంచి 12 నెలలు. ఈ రోజు మీరు చేసే మార్పు ఫలితం వచ్చే సంక్రాంతికి గానీ, ఉగాదికి గానీ కనిపించదని ముందే మనసుకు చెప్పుకోండి. గోడ మీద చూపుడు వేలితో పై నుంచి కిందికి రాస్తే వచ్చే గీతలను గమనించండి. కొత్తగా పైన పెరిగిన భాగం నున్నగా ఉండి, పాత భాగంలోనే గీతలు, పగుళ్లు ఉంటే మీరు సరైన దారిలో ఉన్నట్టు.

ఒక ప్రమాదం గురించి తప్పక చెప్పాలి. కోతలయ్యాక పొలం ఖాళీగా ఉంది కదా అని గుర్రాలను అందులో వదలకండి. వరి, మొక్కజొన్న, జొన్న ఏదైనా సరే, రాలిన గింజలు గుర్రం గంటల్లో కిలోల కొద్దీ ఏరుకుని తింటుంది. కడుపులో ఆ పిండి పులిసి, విషాలు రక్తంలోకి చేరి, గిట్ట గోడనూ లోపలి ఎముకనూ కలిపి ఉంచే పొరలు వాస్తాయి. అదే లామినైటిస్. నాగర్‌కర్నూల్ వైపు మొక్కజొన్న కోసిన చేలో రాత్రంతా తిరిగిన గుర్రాన్ని రెండో రోజు చూశాను. ముందు కాళ్లు చాచి, బరువంతా వెనక కాళ్ల మీద వేసి, అడుగు కదపలేక చెమటలు కారుస్తూ నిలబడింది. ముందు గిట్టలు వేడిగా ఉన్నాయి, మడమ పైన నాడి వేలికి గట్టిగా కొట్టుకుంటోంది. ఆ భంగిమ కనిపిస్తే నడిపించకుండా, వెంటనే పశువైద్యుణ్ని పిలవండి. ఆయన వచ్చేలోగా చల్లటి నీళ్లలో ఐసు వేసి గిట్టలు ముంచి ఉంచండి, కాళ్ల కింద మెత్తగా ఊక పోయండి. ఈ సందర్భంలో మాత్రం లాయమే మందు.

అలాగే గుగ్గిళ్లు, దాణా తగ్గించండి. నడక లేకుండా కట్టేసిన గుర్రానికి పని చేసే గుర్రానికి పెట్టినంత దాణా పెట్టడం కూడా ఇదే రోగానికి దారి.

ఎండాకాలం విషయం తొందరగా చెప్పేస్తాను. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర 44 డిగ్రీలు దాటుతుంది. పగలు లాయంలో నీడలో, సాయంత్రం ఐదు నుంచి పొద్దున ఎనిమిది దాకా బయట. చలికాలం అయితే రోజంతా బయట ఉంచినా ఇబ్బంది లేదు, నీడకో చెట్టు, నీళ్లు ఉంటే చాలు.

కుంటు అంతా గిట్ట నుంచే రాదని కూడా గుర్తుంచుకోండి. మర్రిగూడ, చండూరు, మునుగోడు వైపు పాత బోరు నీళ్లలో ఫ్లోరైడ్ మనుషులనే కాదు, పశువుల ఎముకలనూ పళ్లనూ దెబ్బ తీసింది. మీరు బోరు నీళ్లే తాగిస్తుంటే ఒకసారి పరీక్ష చేయించండి. గుర్రం పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు, కీళ్లు బిగుసుకున్న నడక ఉంటే గిట్టలు ఎంత చెక్కినా ప్రయోజనం ఉండదు, నీళ్లు మార్చాలి.

చివరగా, లాడాలు తీయించాలా అని మీరు అడిగిన విషయం. రేసు గుర్రానికి ఇప్పుడే తీయించకండి. లాడాలు లేకుండా పలచటి అరికాలుతో గట్టి నేల మీద అది నడవలేదు, నడక లేకపోతే మనం చేసిందంతా వృథా. ప్రతి 6 వారాలకు లాడాలు విప్పించి, గిట్ట చెక్కించి, మళ్లీ కొట్టించండి. పాత మేకు రంధ్రాల్లోనే కొత్త మేకులు దిగితే అంచు చిట్లుతూనే ఉంటుంది కాబట్టి, గోడ బలంగా ఉన్న చోట చూసి కొట్టమనండి. వానాకాలం వెళ్లి నేల గట్టిపడ్డాక, అప్పటికి పైనుంచి మంచి గోడ సగం దిగి ఉంటే, అప్పుడు లాడాలు తీసి ఊక పరిచిన చోట, ఇసుక నేల మీద కొద్దికొద్దిగా అలవాటు చేయవచ్చు. ఆడ గుర్రానికి లాడాలు అక్కర్లేదు, 6 నుంచి 8 వారాలకోసారి చెక్కిస్తే సరిపోతుంది. వెనక గిట్టల చీలిక ఎంత లోతుందో, అరికాలు నొక్కితే కాలు లాక్కుంటుందో లేదో రాయండి. లాక్కుంటే మందు రాసుకుంటూ కూర్చోవద్దు, లోపల చీము ఉండవచ్చు, ఈ వారంలోనే పశువైద్యుడికి చూపించండి.